లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పాత కారును ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

మీటరు లక్షన్నర దాటగానే "ఇంక అమ్మేయ్" అనే సలహాలు మొదలవుతాయి. వేళకు ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన పెట్రోల్ ఇంజన్‌లోని ఇనుముకి అదేమంత పెద్ద వయసు కాదు. పాత కారులో ముందుగా పోయేది రబ్బరు. హోస్ పైపులు, బెల్టులు, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు, యాక్సిల్ కీళ్లను కప్పే బూట్లు, కుదుపును ఆపే బుష్‌లు... కారు తిరిగినా, ఇంటి ముందు ఊరికే నిలబడినా ఇవన్నీ గట్టిపడి, పగుళ్లిచ్చి, ఒకరోజు తెగుతాయి. వేలల్లో బిల్లయ్యే రిపేర్లు చాలావరకు ఇలాంటి చవక ముక్కతోనే మొదలవుతాయి. అది తెగకముందే పట్టుకోవడమే ఇంట్లో మనం చేయగలిగిన పని. దానికి మెకానిక్ చదువు అక్కర్లేదు, నెలకో ఆదివారం పొద్దున చాలు.

ఇక్కడ చెప్పేది 796 సీసీ ఆల్టో, పాత వ్యాగన్ఆర్, సాంట్రో లాంటి చిన్న పెట్రోల్ కార్ల గురించి. బానెట్ ఎత్తితే వీటిలో చాలా భాగాలు చేతికి అందుతాయి. డీజిల్ కారైతే బ్యాటరీ, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), టైర్ల మాటలు పనికొస్తాయి కానీ, ఇంధనం పంపు, ఇంజెక్టర్ల జోలికి ఇంట్లో వెళ్లకండి.

ముందుగా కావలసినవి

8 నుంచి 19 మిల్లీమీటర్ల వరకు పానాల సెట్టు, ఒక స్పార్క్ ప్లగ్ గొట్టం పానా, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, చిన్న మల్టీమీటర్, మంచి టార్చి లైటు. కారు కిందకి వెళ్లే ఉద్దేశం ఉంటే బరువు మోసే జాక్ స్టాండ్లు రెండు తప్పనిసరి. స్టెప్నీ మార్చుకోవడానికి డిక్కీలో ఇచ్చే జాకీ దానికే పనికొస్తుంది. దాని మీద మాత్రమే నిలబడ్డ కారు కిందకి తల పెట్టకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి "పర్లేదులే" అనుకోవడం ఇంకా ప్రమాదం, అవి చెప్పకుండా పగులుతాయి.

ఒక నోటు పుస్తకం కూడా. ఏ కిలోమీటరు దగ్గర ఏం మార్చారో రాసుకోండి. పాత కారుకి దీనికంటే మంచి పరికరం లేదు.

1. చల్లబరిచే వ్యవస్థతో మొదలుపెట్టండి

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఆగిన కారుకి రేడియేటరే ప్రాణం. ఒక్కసారి గట్టిగా ఓవర్‌హీట్ అయితే సిలిండర్ హెడ్ (ఇంజన్ పై భాగం) వంగి, దాని కింద సందును మూసే హెడ్ ప్యాకింగ్ పోతుంది. బాగున్న పాత ఇంజన్ షెడ్డు పాలయ్యేది ఎక్కువగా ఇలాగే. అందుకే మీకున్న ఓపికలో సగం దీనికే ఖర్చు పెట్టండి.

పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే ఒత్తిడికి ఆగి ఉన్న నీళ్లు మరుగుతూ ఒక్కసారిగా ముఖం మీదకి చిమ్ముతాయి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో లెవెల్ బాగుందని వదిలేయకండి. మూత రబ్బరు పాడైతే డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. లోపల కూలెంట్ అంచు దాకా ఉండాలి, రంగు తేటగా ఉండాలి. తుప్పు రంగులో ఉంటే పాతది వంపేసి, శుభ్రంగా కడిగించి కొత్తది పోయాలి. మీగడలాంటి తెట్టు కనిపిస్తే ఆయిల్ కలుస్తోందని అనుమానించాలి. అది ఇంట్లో తేలే పని కాదు, కారును అక్కడే ఆపి మెకానిక్‌ని పిలవండి.

బోరు నీళ్లు పోయడం మన దగ్గర బాగా అలవాటు. ఆ ఉప్పు నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లో గార కట్టి, రెండు మూడేళ్లలో దారి మూసేస్తాయి. నీళ్లు కలిపి సిద్ధంగా అమ్మే కూలెంట్ కొనండి, లేదా కాన్సన్‌ట్రేట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలుపుకోండి. తీసిన పాత కూలెంట్‌ను పళ్లెంలో పెట్టి వదిలేయొద్దు. దానిలోని గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కల్ని, పిల్లల్ని ఆకర్షిస్తుంది, పైగా అది విషం.

తరవాత హోస్ పైపులు. పైదీ కిందదీ రెండింటినీ వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా సాగి వెంటనే పూర్వ స్థితికి రావాలి. పటపటమన్నా, జావలా నలిగినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చేయండి. మార్చేటప్పుడు క్లిప్పులు కూడా కొత్తవే వేయండి. పాత పైపు గట్టిగా పట్టుకుని రాకపోతే బలవంతంగా లాగొద్దు. రేడియేటర్ ప్లాస్టిక్ ముక్కు విరిగితే మొత్తం రేడియేటర్ కొనాల్సి వస్తుంది. పైపును బ్లేడుతో నిలువుగా కోసి ఒలిచేయడమే క్షేమం.

రేడియేటర్ ఫ్యాన్ సంగతి చూడటం సులువు. కారు స్టార్ట్ చేసి నిలబెట్టి ఏసీ వేయండి. కాసేపటికి ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి. అది బాగుంటే ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు డబ్బీ) తీసి, అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగి హారన్ మూగబోతే దోషి దొరికినట్టే. దేనికీ లొంగకపోతే మోటారు పోయి ఉండొచ్చు, లేదా వైరింగ్.

దారిలో టెంపరేచర్ ముల్లు పైకి వెళ్తుంటే ఏసీ ఆపి, హీటర్‌ను ఫుల్లుగా పెట్టండి. ఎండాకాలంలో నరకంలా ఉంటుంది గానీ, అది ఇంజన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. అయినా దిగకపోతే పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరించొద్దు.

2. ఆయిల్ తాగుతోందా, కారుతోందా?

సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజన్ కట్టేసి పది నిమిషాలాగి డిప్ స్టిక్ (ఆయిల్ లెవెల్ చూపే పుల్ల) చూడండి. పాత కారుకి పదిహేను రోజులకోసారి ఇది అలవాటు కావాలి. ఆయిల్ కొంచెం తాగడం ఈ వయసులో మామూలే, తాగుతున్న సంగతి మనకి తెలియకపోవడమే ముప్పు. ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉంటాయి. అది మళ్లీ రబ్బరే, దానితో చాలా కాలం నడిపించుకోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం, అది ఖర్చున్న వ్యవహారం.

కారితే ఎక్కడినుంచో కనిపెట్టాలి. ఇంజన్‌ను తుడిచి, రెండు రోజులు నడిపి, పైనుంచి కిందకి చూడండి. ఆయిల్ కిందకే జారుతుంది కాబట్టి తడి మొదలైన అన్నిటికంటే పై చోటే అసలు చోటు. చాలాసార్లు అది ఇంజన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. కవర్ బోల్టులు విప్పి, పాత ప్యాకింగ్ ముక్కలు ఏవీ లోపల పడకుండా శుభ్రం చేసి, కొత్తది కూర్చోబెట్టి, బోల్టులను మధ్యనుంచి చివరలకు, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేసారి కసిగా బిగిస్తే కొత్త ప్యాకింగ్ నలిగి మళ్లీ కారుతుంది.

"పాత బండి కదా, చిక్కటి ఆయిల్ పోద్దాం" అని షెడ్డులో అంటే ఒప్పుకునే ముందు మాన్యువల్ చూడండి. మన ఎండలకు తగిన గ్రేడ్లు అందులోనే ఉంటాయి. నా అభిప్రాయంలో ఖరీదైన ఆయిల్ పోసి ఏడాదిన్నర వదిలేయడం కంటే, సరైన గ్రేడు మామూలు ఆయిల్‌ను మాన్యువల్ చెప్పిన గడువు కంటే కాస్త ముందే మార్చడం మేలు. ఇంట్లో మార్చుకుంటే డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయండి, ఫిల్టర్‌ను చేత్తోనే బిగించండి. తీసిన నల్ల ఆయిల్ మురుగు కాలవలో కాకుండా డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చేయండి.

3. బ్యాటరీ, ఎర్త్ వైరు

రాత్రంతా ఆగిన కారు బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం చార్జే. ఇంజన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 మధ్య రాకపోతే లోపం బ్యాటరీలో కంటే దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోనో, దాని బెల్టులోనో ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త బ్యాటరీ కొని, వారం తరవాత మళ్లీ తోసుకుంటూ తిరిగేవాళ్లు ఎందరో.

టెర్మినళ్లకు పూసిన తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్లలో కలిపిన వంట సోడాతో కడిగి, ఆరాక కొంచెం వాసలిన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే లావాటి ఎర్త్ వైరును కూడా విప్పి, రెండు కొసలూ ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. సెల్ఫ్ బద్ధకంగా తిరగడం, హెడ్‌లైట్లు మసకబారడం చాలా కార్లలో దీంతోనే పోతాయి.

4. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్

పికప్ తగ్గి మైలేజీ పడిపోతే ముందు ఈ రెండూ చూడండి. చల్లని ఇంజన్ మీద ఒక్కో ప్లగ్గే తీసి చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు, పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ కాలుతోంది, తడి నలుపైతే ఆయిల్ చేరుతోంది. కొత్త ప్లగ్గును మొదట వేళ్లతోనే తిప్పి ఎక్కించండి. అడ్డంగా ఎక్కితే హెడ్ మర పాడవుతుంది.

5. కారు కింద, చక్రాల లోపల

స్టీరింగ్‌ను ఒక పక్కకి పూర్తిగా తిప్పి, చక్రం వెనక టార్చి వేయండి. యాక్సిల్ బూటు చిరిగితే గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి ఉంటుంది. ఆ దశలో బూటు మార్చి గ్రీజు పెట్టిస్తే సరిపోతుంది. మట్టి చేరి, మలుపుల్లో టక్ టక్ మనే దాకా ఆగితే యాక్సిల్ జాయింటే మార్చాలి.

టైరు పక్కన ఓవల్ గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనది. గాడి బాగా కనిపిస్తున్నా పక్కల పగుళ్లుంటే రహదారి మీద నమ్మొద్దు.

ఇంట్లో ముట్టుకోకూడనివి

బ్రేకులు చూడొచ్చు, విప్పొద్దు. ప్యాడ్ మందం తగ్గిందా, చక్రం లోపల తడి ఉందా అన్నంత వరకే మన పని. పిస్టన్లకు తగ్గట్టు వాల్వులను కదిలించే టైమింగ్ బెల్టు కూడా మెకానిక్ పనే. 796 సీసీ ఆల్టోలో బెల్టు ఉంటుంది, 2010లో వచ్చిన ఆల్టో కె10లో దాని బదులు గొలుసు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

పెట్రోల్ పైపులు మూడోది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరును దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. వాసన వస్తోందా, పైపు ఉబ్బిందా అని చూసి, ఏమాత్రం అనుమానమున్నా ఇథనాల్‌ను తట్టుకునే పైపు వేయించుకోండి. ఇంజెక్షన్ కార్లలో ఇంజన్ ఆపాక కూడా ఆ పైపుల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి మనం విప్పకూడదు.

విడిభాగాలు కొనేటప్పుడు

పాత ముక్కను వెంట తీసుకెళ్లండి. అదే మోడల్లో ఏడాది మారితే పైపు వంపు కూడా మారుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత కార్ల సామాను దొరకడం కష్టమేమీ కాదు, డూప్లికేట్ దొరకడం అంతకంటే సులువు. అద్దం, డోర్ హ్యాండిల్ లాంటివి పాత సామాను కొట్లలో కొన్నా నష్టం లేదు. రబ్బరు మాత్రం కొత్తదే, పార్ట్ నంబరు చూసి, బిల్లుతో కొనండి.

పెద్ద ఖర్చు పెట్టేముందు ఆర్సీ చూసుకోండి. సొంత కారుకి 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, ఆపైన ప్రతి 5 ఏళ్లకూ అంతే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉంటే కారును లిఫ్టు మీదకి ఎక్కించి సస్పెన్షన్ బిగించే చోట్ల తుప్పు చూపించమనండి. అక్కడ స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడుతోందంటే ఇంజన్ ఎంత బాగున్నా ఆ కారు మీద ఇంక డబ్బు పెట్టకండి.