ఊరుమ్మడి అడవికి ఫారం-సి: దరఖాస్తు ఎలా చేయాలి?

పోడు పట్టాలంటే గూడెమంతా కదులుతుంది. ఊరుమ్మడి అడవికి పెట్టుకునే ఫారం-సి సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇది. ఒక కుటుంబానికి కాదు, గ్రామసభకే వస్తుంది. వానలు లేక పంట పోయిన ఏడు దుంపలూ ఊటనీళ్లూ ఇచ్చేది ఆ అడవే. అందుకే సొంత పట్టాతో పాటు దీన్నీ వదలొద్దంటాను.

గ్రామసభ ముందుగా 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. కమిటీలో కనీసం మూడింట రెండు వంతులు గిరిజనులు, కనీసం మూడో వంతు మహిళలు ఉండాలి. సభకు సగం మందైనా రాకపోతే కోరం లేనట్టే. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలి. ఫారాలు ఉచితం.

అసలు పని ఆధారాల దగ్గరే. కనీసం రెండు చూపాలి. పాత గెజిటీర్లు (జిల్లా వివరాలు రాసిన సర్కారు పుస్తకాలు), ఫారెస్టు వర్కింగ్ ప్లాన్లు (అటవీ శాఖ నిర్వహణ ప్రణాళికలు) దొరికితే సరే, లేకపోయినా దిగులు పడక్కర్లేదు. దేవర చెట్లు, శ్మశానాలు, చెరువులు, దుంపలు తవ్వే చోట్లు, పశువుల మేత బీళ్లు, నాటువైద్యులు మూలికలు తెచ్చుకునే ప్రాంతాలు, అన్నీ నిబంధనలు ఒప్పుకునే ఆధారాలే. పెద్దవాళ్లు చెప్పింది రాసి పెట్టినా చెల్లుతుంది. కాబట్టి ముసలివాళ్లను వెంటబెట్టుకుని అడవి తిరగండి. ఏ ఊట ఎండాకాలంలోనూ ఆరదో, ఏ గుట్ట మీద ఏ దుంప దొరుకుతుందో అక్కడికక్కడే రాసుకోండి. ఆడవాళ్లను వేరుగా అడగండి, మగవాళ్లకు తెలియని చోట్లు బయటపడతాయి. శాటిలైట్ ఫొటో అదనపు ఆధారం మాత్రమే. అది లేదని క్లెయిమ్ తోసేయడం కుదరదు.

గ్రామసభ సభ్యుల జాబితా, మ్యాపు, పొరుగూళ్ల పేర్లు ఫారానికి జత చేయాలి. కంపార్ట్‌మెంట్ నంబరు (అటవీ శాఖ అడవిని విభజించి ఒక్కో భాగానికి ఇచ్చే నంబరు) తెలిస్తేనే రాయండి. హద్దుల దగ్గర పక్క ఊరితో ముందే మాట్లాడుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

క్షేత్ర పరిశీలనకు అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా కబురు పెట్టి, నకలు దాచుకోండి. వాళ్లు రాకుండా తర్వాత అభ్యంతరం చెబితే క్లెయిమ్ మళ్లీ పరిశీలనకు గ్రామసభకే వస్తుంది. రెండోసారీ రాకపోతే పరిశీలనపై గ్రామసభ మాటే ఖాయం.

తీర్మానంతో ఫైలు సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళుతుంది. సబ్ డివిజన్ కమిటీ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.