సిల్వర్ నైట్రేట్ పరీక్షలో తికమకలు: సమస్య - పరిష్కారం

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడితే శ్రీకాకుళంలోని మా ల్యాబ్‌లో రోజూ వినపడే మాట ఒకటే: "సార్, నాకు ఏం వేసినా తెల్లగానే వస్తోంది!" ఇచ్చిన లవణంలో క్లోరైడ్ ఉందో లేదో చూసే పరీక్ష ఇది: సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం (కరగకుండా విడిపోయే ఘనపదార్థం) రావాలి, అది అమ్మోనియాలో కరగాలి. పాపం, పిల్లలకు టెన్షన్. తప్పు చాలాసార్లు వాళ్లది కాదు.

సమస్య: ఇచ్చిన లవణం వేయకముందే ట్యూబులో నీళ్లు పాలలా మారడం.

కారణం నీళ్లే. బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది, సముద్రం పక్క ఊళ్లలో మరీ ఎక్కువ. సిల్వర్ క్లోరైడ్ లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములు కూడా కరగదు. అందుకే క్లోరైడ్ ఏ కాస్త ఉన్నా తెల్లగా బయటపడిపోతుంది. ఒకసారి మా ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ సీసాను ఎవరో కుళాయి దగ్గర నింపేశారు. ఆ పూట బ్యాచ్ మొత్తానికి క్లోరైడే వచ్చింది!

పరిష్కారం: ముందు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. ట్యూబు వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. పొగలాంటి తెలుపు కనపడినా ఆ నీళ్లు పనికిరావు. కడిగిన ట్యూబుల్ని కూడా చివర్లో మంచి డిస్టిల్డ్ వాటర్‌తో తొలపాలి.

సమస్య: నీళ్లు మంచివే, అయినా అందరికీ అవక్షేపం.

సోడియం కార్బొనేట్‌తో మరిగించి తీసిన ద్రావణంలో కార్బొనేట్ మిగిలిపోయి ఉంటుంది. అదీ వెండితో అవక్షేపమిస్తుంది. సజల నైట్రిక్ ఆమ్లం పోస్తూ పొంగు ఆగి, నీలి లిట్మస్ ఎర్రబడేదాకా ఆగండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం వద్దు, అందులోనే క్లోరైడ్ ఉంది.

సమస్య: అవక్షేపం అమ్మోనియాలో కరగడం లేదు.

ముందు సీసా మూత చూడండి. వదులుగా ఉంటే ఘాటు ఎప్పుడో పోయి ఉంటుంది. కొత్త సీసాతోనూ కరగకపోతే అది క్లోరైడ్ కాకపోవచ్చు, రంగు చూడండి: క్లోరైడ్ విరిగిన పెరుగులా తెల్లగా, బ్రోమైడ్ లేత పసుపుగా, అయొడైడ్ పసుపుగా ఉంటాయి. కరిగిన ద్రావణంలో మళ్లీ నైట్రిక్ ఆమ్లం పోస్తే తెలుపు తిరిగొస్తుంది. నాకు ఎన్నేళ్లయినా ముచ్చటగా ఉండే దృశ్యం అది.

దయచేసి ఒక్కటి: వెండి కలిసిన అమ్మోనియా ద్రావణాన్ని రేపటికి ఉంచకండి. నిలవ ఉంటే పేలే నల్లటి పదార్థం ఏర్పడవచ్చు. అప్పటికప్పుడే ఆమ్లం కలిపేయండి.

సమస్య: తెల్లగా వచ్చింది కాసేపటికి ఊదా రంగుకు తిరిగింది.

ఇది తప్పు కాదు. వెలుతురుకు సిల్వర్ క్లోరైడ్ విడిపోయి సన్నటి వెండి రేణువులు ఏర్పడతాయి. తొలినాళ్ల ఫొటో కాగితాలు ఈ గుణం మీదే నడిచాయి. కిటికీకి దూరంగా పరీక్ష చేసి, రంగు వెంటనే రాసుకోండి.

ఇక మిగిలింది సింకులో పారబోయకండి. 100 గ్రాముల సిల్వర్ క్లోరైడ్‌లో 75 గ్రాములు వెండే. మేం ఆమ్లం కలిపిన ద్రావణాలన్నీ ఒక గోధుమరంగు సీసాలో పోసి, చారెడు మా జిల్లా నౌపడ ఉప్పు వేసి రాత్రంతా కదపకుండా ఉంచుతాం. తెల్లారేసరికి పైన తేట, అడుగున వెండి క్లోరైడ్.