అఫెక్టా, ఎఫెక్టా? ఫలితం చెప్పే ఇంగ్లీషు మాటలు సరిగ్గా వాడడం ఎలా?

అనంతపురంలో డిగ్రీ పిల్లల ఇంగ్లీషు వ్యాసాలు దిద్దడం నా పని. కరువు గురించి రాయమంటే చాలు, ఏ పేపరు పట్టుకున్నా అదే తప్పు. అందుకే ఇది రాస్తున్నా.

కావలసినవి నోటుబుక్కు, పెన్సిలు, ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకే అర్థాలిచ్చే డిక్షనరీ. తెలుగు అర్థాల డిక్షనరీ వద్దు. అందులో ఈ మాటల్లో చాలావాటికి "ఫలితం" అనే ఉంటుంది.

1. ఫలితం ఎలాంటిదో తేల్చుకోండి. మంచికీ చెడుకీ పనికొచ్చేది రిజల్ట్. ఎటు తేలుతుందో ముందు తెలియనిది అవుట్‌కమ్: ఎన్నిక, కోర్టు కేసు లాంటివి. "చేసుకున్నోళ్లకు చేసుకున్నంత" అంటామే, అది కాన్సీక్వెన్స్. ఫస్ట్ క్లాసు వచ్చిన సంతోషానికి ఆ మాట వాడొద్దు.

2. అఫెక్ట్, ఎఫెక్ట్. ఇక్కడ నిదానించండి. మన నోట్లో రెండూ ఎఫెక్టే. "వానల్లేక పంట ఎఫెక్ట్ అయింది" అనేస్తాం. ఇంగ్లీషులో రాసేటప్పుడు అక్కడ ఉండాల్సింది 'ఏ' అక్షరంతో మొదలయ్యే అఫెక్ట్, ఎందుకంటే అది క్రియ. 'ఈ'తో మొదలయ్యేది మామూలుగా నామవాచకం. మీ వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. "ప్రభావం" అని వస్తే ఎఫెక్ట్, "దెబ్బతీసింది" అని వస్తే అఫెక్ట్.

ఇంతవరకు అందరూ చెప్తారు. అసలు గుంత దీని తర్వాత ఉంది. శెనక్కాయ పంట మీద దెబ్బ పడింది అంటాం కదా, ఆ "మీద" పోయి ఇంగ్లీషులో "ఆన్" అయి కూర్చుంటుంది. "డ్రౌట్ అఫెక్టెడ్ ఆన్ ద క్రాప్" అని రాస్తారు. తప్పు. "డ్రౌట్ అఫెక్టెడ్ ద క్రాప్" అంతే. ఎఫెక్ట్‌కైతే ఆన్ కావాలి: "డ్రౌట్ హ్యాడ్ ఎ బ్యాడ్ ఎఫెక్ట్ ఆన్ ద క్రాప్". నేను ఎర్ర ఇంకుతో ఆన్ కొట్టేస్తే ఒక అమ్మాయి, "మరి 'మీద' ఎక్కడ పోయింది సార్?" అని అడిగింది. "అఫెక్ట్ కడుపులోనే ఉందమ్మా" అన్నా. ఆ పాప మళ్లీ ఆ తప్పు చేయలేదు.

అఫెక్ట్, ఎఫెక్ట్ తేడా గుర్తుండాలని మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పొడి అక్షరాల చిట్కాలు బట్టీ పట్టించే పద్ధతి నాకు గిట్టదు. ఏది క్రియో చెప్పి ఊరుకుంటాయి, ఆన్ సంగతి ఎత్తవు. పైగా ఎఫెక్ట్ కూడా అరుదుగా క్రియ అవుతుంది. "ఎఫెక్ట్ ఎ చేంజ్" అంటే మార్పు తీసుకురావడం. చిట్కా నమ్ముకున్నవాడు అక్కడ అఫెక్ట్ అని దిద్ది, ఉన్న ఒప్పును చెడగొడతాడు.

3. రిజల్ట్ పక్కన ఏముందో చూడండి. కారణం ముందొస్తే రిజల్ట్ ఇన్, ఫలితం ముందొస్తే రిజల్ట్ ఫ్రమ్.

4. ఆఫ్టర్‌మాత్‌ను దాని చోటే వాడండి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. నీళ్లు ఇళ్లలో ఉన్న రోజులు ఆఫ్టర్‌మాత్ కాదు. నీళ్లు పోయాక బురద ఎత్తిపోసుకున్న రోజులు ఆఫ్టర్‌మాత్. పాత ఇంగ్లీషులో "మాత్" అంటే గడ్డి కోత. కోసిన తర్వాత మళ్లీ మొలిచిన గడ్డిని ఆఫ్టర్‌మాత్ అనేవాళ్లు. కోసిన జొన్న మోట్లకు పిలకలు రావడం చూసిన మనకు ఇది ఇట్టే గుర్తుంటుంది.

5. రాయడం అయిపోయాక ప్రతి ఆన్ కింద పెన్సిలుతో గీత గీయండి. దానికి ముందు అఫెక్ట్ ఉంటే ఆ ఆన్ కొట్టేయండి.