స్టెంట్ వేశాక నడక ఎలా మొదలుపెట్టాలి

హార్ట్ ఎటాక్ వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన మొదటి వారం బాత్‌రూమ్‌కి కూడా గోడ పట్టుకునే వెళ్లాను. నొప్పేమీ లేదు, భయం. డాక్టర్‌గారు నడవమన్నారు, ఇంట్లోవాళ్లు కదలొద్దన్నారు. నేను డాక్టర్‌గారి మాటే విన్నాను. మీరూ ఎంత నడవొచ్చో ముందు మీ డాక్టర్‌ని అడగండి.

వరండాలో ఐదేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లతో మొదలుపెట్టాను. ఒంటికి బాగున్న కొద్దీ ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ పోయాను. ఏకబిగిన అరగంట నడిచేసరికి ఆరో వారం వచ్చింది.

వేగం దగ్గరే బోల్తా పడ్డాను. 220లోంచి వయసు తీసేసి, వచ్చిన అంకెను బట్టి నాడి పెంచాలని వాచీ చూసుకుంటూ నడిచేవాణ్ణి. ఎంత ఆయాసపడ్డా 95 దాటేది కాదు. నేను వేసుకునే మెటోప్రోలాల్ నాడిని పెరగనివ్వదట! అలాంటి బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగాన్ని తగ్గించేవి) వాడేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన కొలత తేలిక: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. (నాకు కూర్చున్నా పాట రాదు, అది వేరే సంగతి.) ఎంత కష్టంగా అనిపిస్తోందో మనమే అంకె వేసుకునే బోర్గ్ స్కేల్ 6 నుంచి 20 దాకా ఉంటుంది; దాని మీద శ్రమ 11–13 మధ్య, అంటే తేలిక నుంచి కాస్త కష్టం దాకా, ఉంటే మొదట్లో చాలు.

మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. ఓసారి ఫోన్ మోగిందని టక్కున ఆగాను. కళ్లు బైర్లు కమ్మి గేటు పట్టుకున్నాను. నడుస్తున్నంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఉన్నట్టుండి ఆగితే అది కాళ్లలోనే నిలిచిపోయి బీపీ పడిపోతుంది. ఇప్పుడు ఫోన్ మోగినా నడుస్తూనే మాట్లాడతాను.

తిన్న వెంటనే వద్దు, కనీసం గంట ఆగండి. బరువులెత్తడం డాక్టర్ చెప్పాకే, అదీ ఊపిరి బిగబట్టకుండా. బైపాస్ అయినవాళ్లకు రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఛాతీ బిగుసుకున్నా, దవడ, చేయి లాగినా, గుండె దడదడలాడినా, తల తిరిగినా ఆగి కూర్చోండి. ఛాతీనొప్పికి డాక్టర్ ఇచ్చిన మాత్ర ఉంటే నాలుక కింద పెట్టుకోండి, నిలబడి మాత్రం కాదు, దానికి బీపీ తగ్గుతుంది. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే అంబులెన్స్‌ని పిలవాలి. నా మాత్ర నెలరోజులు ఇంట్లో సొరుగులోనే పడి ఉంది. ఇప్పుడు చొక్కా జేబులో పెట్టుకున్నాకే చెప్పులేసుకుంటాను.