పగిలిన కిటికీకి, విరిగిన తలుపుకి బిగించిన పలక నిలవడం లేదా? ముందు చౌకట్టును తోసి చూడండి

గాలివానకో, చెట్టుకొమ్మ పడడం వల్లో, దొంగలు బద్దలుకొట్టడం వల్లో పాడైన కిటికీకి హడావుడిగా ప్లైవుడ్ పలక బిగించి, తరువాత అది ఊడిందనో, వదులైందనో, వెనుక నుంచి నీరు కారుతోందనో చెప్పేవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: పలక పెట్టే ముందు చౌకట్టును చేత్తో తోసి చూశారా? దాదాపు ప్రతిసారీ లేదనే సమాధానం వస్తుంది. పలక మందం గురించి, స్క్రూల పొడవు గురించి ఎంతో ఆలోచించినవారు కూడా అర నిమిషంలో అయిపోయే ఈ పరీక్షను వదిలేస్తున్నారు.

ఈ వ్యాసం డ్రిల్లు వాడడం, పలకను కొలిచి కోయడం తెలిసినవారి కోసం రాస్తున్నాను కాబట్టి చేతి తొడుగుల గురించి, చౌకట్టులో మిగిలిన గాజును పై నుంచి మొదలుపెట్టి తీయడం గురించి మళ్లీ వివరించను. ఒక్క హెచ్చరిక మాత్రం తప్పదు. కిటికీ పైన గోడ బరువు మోసే దూలం (లింటెల్) కుంగినా, గోడ బయటికి ఉబ్బినా, ఏటవాలు పగుళ్లు కొత్తగా కనిపించినా పలక పని మొదలుపెట్టకూడదు. ముందు లింటెల్ కింద ఊతం పెట్టించి, గోడను తెలిసిన ఇంజనీరుకు చూపించాలి.

పలక మీద ఎంత భారం పడుతుందో తెలిస్తే మిగిలిన విషయాలు తేలికగా అర్థమవుతాయి. సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు ఎదురైన ప్రతి చదరపు మీటరు మీద సుమారు 55 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి చూపుతుంది. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న కిటికీ మీద అది దాదాపు 100 కిలోలు అవుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. పైగా గాలికి ఎదురుగా ఉన్న గోడ మీద పలకను లోపలికి నెట్టే ఈ ఒత్తిడి, పక్క గోడల మీద, వెనుక గోడ మీద దానిని బయటికి లాగుతుంది. చాలా పలకలు లోపలికి విరిగి కాదు, బయటికి ఊడి పోతాయి.

స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగియదు

స్క్రూ ప్లాస్టరింగులోనే ఆగిపోయింది, లేదా ఇటుకల మధ్య మెత్తబడిన సిమెంటు అతుకులోకి వెళ్లింది. సిమెంటు పూత పట్టు ఇవ్వదు కాబట్టి దాని మందాన్ని లెక్కలోంచి తీసేసి స్క్రూ పొడవు నిర్ణయించాలి. పలక 18 మిల్లీమీటర్లు, పూత 20 మిల్లీమీటర్లు, ఇటుకలోకి దిగవలసినది కనీసం 50 మిల్లీమీటర్లు అనుకుంటే 90 మిల్లీమీటర్లకు తక్కువ పొడవున్నది పనికిరాదు. 100 మిల్లీమీటర్లది తీసుకోవడం మంచిది. రంధ్రం వేశాక లోపలి పొడిని ఊదకుండా, స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు దించితే అది పొడి మీద జారుతుంది. గుల్ల ఇటుకల గోడలో విచ్చుకునే రకం యాంకర్ బోల్టు పట్టదు, గుల్ల పెంకును పగలగొట్టుకొని వచ్చేస్తుంది. అక్కడ కింద చెప్పబోయే, రెండు వైపుల నుంచి బిగించే పద్ధతే సరైనది. చెక్క చట్రంతో కట్టిన గోడ అయితే పై పొరకు కాక, కిటికీకి రెండు వైపులా లోపల ఉండే నిలువు దూలాన్ని వెతికి దానిలోకి స్క్రూ దించాలి.

గాలి వీచినప్పుడల్లా పలక దబదబా కొట్టుకుంటుంది

పలక పలుచగా ఉంది, లేదా స్క్రూలు దూరదూరంగా ఉన్నాయి. చిన్న కిటికీకి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది, మీటరు దాటిన వెడల్పుకు 18 మిల్లీమీటర్లది కావాలి. స్క్రూల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు మించకూడదు, పెద్ద పలకకు, గాలి ఎక్కువగా తగిలే మూల గదులకు 150 మిల్లీమీటర్లకు తగ్గించాలి. ప్రతి స్క్రూ కింద వెడల్పాటి వాషర్ వేయకపోతే తల ప్లైవుడ్‌లోంచి దూరి బయటికి వచ్చేస్తుంది. పలక మధ్య భాగం ఉబ్బుతూ ఉంటే వెనుక నుంచి అడ్డంగా ఒక దళసరి చెక్కను బిగిస్తే చాలు, పలక మార్చనక్కరలేదు. మేకులు కొట్టి ఉంటే వాటిని తీసి స్క్రూలు వేయాలి. గాలి నెట్టుతూ లాగుతూ ఉంటే మేకు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుంది, ఎంత పొడవైన మేకుకైనా ఇది తప్పదు.

స్క్రూలు గట్టిగానే ఉన్నాయి, అయినా పలక మొత్తంగా కదులుతోంది

అనుభవం ఉన్నవారిని కూడా మోసం చేసేది ఇదే. స్క్రూలు ఒక్కటీ వదులవలేదు, ప్లైవుడ్ చెక్కు చెదరలేదు, అయినా అరచేత్తో నొక్కితే పలక ఒక చివర లోపలికి పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. గాలి వీచిన మరుసటి ఉదయం కిటికీ గడప మీద పిండిలాంటి సన్నటి సిమెంటు పొడి పడి ఉంటుంది. దానిని చూసి చాలామంది డ్రిల్లు వేసినప్పుడు రాలిన పొడి అనుకొని తుడిచేస్తారు. అది చౌకట్టు గోడను రాసుకుంటూ కదిలినందువల్ల రాలిన పొడి.

చౌకట్టు గోడకు అంచు పొడవునా అతుక్కొని ఉండదు, కొన్ని చోట్ల మాత్రమే పట్టుకొని ఉంటుంది. చెక్క చౌకట్టును హోల్డ్‌ఫాస్టులని పిలిచే ఇనుప పట్టీలు గోడలోని కాంక్రీటులో పట్టి ఉంచుతాయి. అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రాలను పొడవాటి స్క్రూలు పట్టి ఉంచుతాయి, మిగిలిన సందును ఫోముతోనో సిలికానుతోనో నింపుతారు. కొమ్మ తగిలినా, తలుపును తన్నినా ఆ దెబ్బ చివరికి చేరేది ఈ పట్టు ఉన్న చోట్లకే. పగిలిన గాజు అందరికీ కనిపిస్తుంది, గోడ లోపల తెగిన పట్టు మాత్రం సిమెంటు పూత కింద, రంగు కింద దాగి ఉంటుంది. ఫోము ఉన్న చట్రం మరింత మోసం చేస్తుంది. పట్టు పూర్తిగా పోయినా ఫోము అంటుకొని ఉండడం వల్ల చట్రం నిటారుగా నిలబడే ఉంటుంది, కానీ ఫోము సందు నింపడానికే తప్ప భారం మోయడానికి కాదు.

పలక బిగించే సమయంలో ఈ లోపం బయటపడకపోవడానికి రెండు కారణాలున్నాయి. నాలుగు వైపులా ప్లైవుడ్ బిగించగానే వదులైన చౌకట్టు, పలక కలిసి ఒకే గట్టి బిళ్లగా మారతాయి కాబట్టి మునుపటికంటే బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. రెండవది ఇంకా ముఖ్యం: గాజు పగిలిపోయి ఖాళీగా ఉన్నంతసేపు గాలి ఆ కంతలోంచి దూరిపోతుంది, చౌకట్టు మీద భారం పెద్దగా పడదు. మనం పలక వేసి ఆ దారి మూసిన క్షణం నుంచి, పైన లెక్కకట్టిన 100 కిలోల భారం మొత్తం అప్పటికే పట్టు తప్పిన చౌకట్టు మీదికి మళ్లుతుంది. గాలివానలో నిలబడిన చౌకట్టు తరువాత వచ్చిన మామూలు ఈదురుగాలికి పలకతో సహా ఊడి కింద పడడం వెనుక ఉన్న కారణం ఇదే. ఆ స్థితిలో మరిన్ని స్క్రూలు వేసినా, పలక మందం పెంచినా మేలు జరగదు. 18 మిల్లీమీటర్ల నిండు పలక, అంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్నది, ఒక్కటే 30 కిలోల పైచిలుకు ఉంటుంది. ఆ బరువును కూడా వదులైన చౌకట్టుకే వేలాడదీసినట్టవుతుంది.

పరీక్ష చాలా సులువు. చౌకట్టు నిలువు కమ్మి, అంటే దాని పక్క భాగం, మధ్యలో ఒక అరచెయ్యి పెట్టి గట్టిగా లోపలికి నెట్టి, బయటికి లాగాలి. రెండవ చేతి వేలిని చౌకట్టు, గోడ కలిసే అతుకు మీద ఉంచాలి. కంటికి కనిపించని కదలిక వేలికి తెలుస్తుంది. అనుమానంగా ఉంటే ఆ అతుకును దాటుతూ చౌకట్టు మీద నుంచి గోడ మీదికి పెన్సిలుతో ఒక సన్నటి అడ్డగీత గీసి మళ్లీ నెట్టి చూడాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే పట్టు పోయినట్టే. నాలుగు కమ్ములకూ, ఒక్కొక్క దానికి కనీసం రెండు చోట్ల, ఇలా చూడాలి. ఒక వైపు గట్టిగా ఉంటే మిగిలిన మూడూ గట్టిగా ఉన్నాయని అనుకోకూడదు. చెక్క చౌకట్టు అయితే నిలువు కమ్ముల అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరు మొనతో పొడవాలి. మొన సులువుగా దిగిపోతే అక్కడ చెక్క కుళ్లింది, అందులో వేసిన స్క్రూ ఎంత లావైనా పట్టు ఇవ్వదు.

చౌకట్టు కదిలిందని తేలితే పలకను దానికి బిగించే ఆలోచనే మానుకోవాలి. గోడ గట్టిగా ఉంటే పలకను పెద్దదిగా కోసి, కంతకు నాలుగు వైపులా 150 మిల్లీమీటర్ల మేర గోడ మీదికి వచ్చేలా పెట్టి, కంత అంచు నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో యాంకర్ బోల్టులు వేయాలి. అంచుకు దగ్గరగా వేస్తే బోల్టు విచ్చుకున్నప్పుడు ఇటుక చీలిపోతుంది. పగుళ్లు ఉంటే వాటిని దాటి, తట్టితే గట్టిగా మోగే చోట గోడలో వేయాలి.

గోడ అంచులు కూడా దెబ్బతిని ఉంటే, లేదా గుల్ల ఇటుకల గోడ అయితే, రెండు వైపుల నుంచి బిగించే పద్ధతి వాడాలి. బయట ప్లైవుడ్, లోపల గదిలో కంతకు అడ్డంగా రెండు దళసరి చెక్కలు పెట్టాలి. ఇవి 50 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, రెండు చివర్లా గోడ మీదికి కనీసం 200 మిల్లీమీటర్లు రావాలి. 10 లేదా 12 మిల్లీమీటర్ల గుండ్రటి తల బోల్టులను పలకలోంచి, చెక్కలోంచి దూర్చి, లోపలి నుంచి వాషర్ వేసి నట్టు బిగించాలి. గాలి నెట్టితే పలక బయటి గోడను నొక్కుతుంది, లాగితే చెక్కలు లోపలి గోడను నొక్కుతాయి. చౌకట్టుకు పని ఉండదు, గోడలో రంధ్రమూ ఉండదు. బయట బోల్టు తలలు నున్నగా ఉండడం వల్ల స్క్రూడ్రైవరుతో ఎవరూ విప్పలేరు. యూపీవీసీ చట్రానికి రంధ్రం పెట్టి పాడుచేయడం ఇష్టం లేనప్పుడు కూడా ఇదే వాడవచ్చు. కిటికీకి ఇనుప గ్రిల్లు ఉంటే బోల్టులను కమ్మీల మధ్య నుంచి పంపవచ్చు. పలకను గ్రిల్లుకే కట్టేద్దామనుకునేవారు మాత్రం ఆ గ్రిల్లు గోడలో పాతి ఉందో, చౌకట్టుకే బిగించి ఉందో ముందు చూసుకోవాలి. చౌకట్టుకే బిగించి ఉంటే సమస్య మళ్లీ మొదటికి వచ్చినట్టే.

చౌకట్టుకు, గోడకు మధ్య చెక్క చీలికలు దిగగొట్టి కదలిక ఆపితే సరిపోదా అని అడుగుతుంటారు. చప్పుడు ఆపడానికి, చౌకట్టు పక్కకు ఒరగకుండా ఉండడానికి చీలికలు పనికివస్తాయి. గాలి లాగే బలానికి అవి అడ్డు కావు.

పలక వెనుక నుంచి నీరు దిగుతోంది

వాన నీరు గోడ మీద నుంచి జారుతూ పలక పై అంచు వెనుకకు దూరుతోంది. చాలామంది నీరు కనిపించిన కింది అంచును సిలికానుతో మూస్తారు, దానివల్ల లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే దారి కూడా మూసుకుంటుంది. పై అంచును, రెండు పక్కలను మూసి, కింది అంచును తెరిచి ఉంచాలి. తడి గోడకు టేపు అంటుకోదు కాబట్టి, పలక కంటే కొంచెం పైన గోడకు ఒక సన్నటి చెక్కపట్టీతో మందపాటి ప్లాస్టిక్ పట్టాను నొక్కి బిగించి, ఆ పట్టాను పలక ముందు నుంచి కిందికి వేలాడదీయాలి. తడిసిన గది 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. అందుకని పలక అడుగున బయటికి వాలుగా రెండు మూడు చిన్న రంధ్రాలు వేయడం మంచిది.

తలుపుకి బిగించిన పలక, తలుపు తెరిచినట్టే ఊడివచ్చింది

బద్దలుకొట్టిన తలుపులో తాళం వైపు చౌకట్టు నిలువు కమ్మి, గడియ దిగే చోట నుంచి పైకీ కిందికీ చెక్క గీతల వెంబడి చీలి ఉంటుంది. రంగు పొర వల్ల ఆ చీలిక వెంట్రుక గీతలా మాత్రమే కనిపిస్తుంది. ఆ వైపు వేసిన స్క్రూలు లెక్కలోకి రావు, పలకను గోడకు బిగించాలి.

ఇంట్లో మనుషులు ఉంటున్నప్పుడు బయటికి వెళ్లే ఏకైక తలుపును ఏ కారణంతోనూ పలకతో మూయకూడదు. అక్కడ పలకను చౌకట్టుకు కాక తలుపు రెక్కకే బిగించి, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తీయగలిగే గడియ పెట్టాలి. పడకగదులలో కూడా ఒక కిటికీ లోపలి నుంచి చేత్తో విప్పగలిగేలా ఉండాలి. నిప్పు అంటుకున్న రోజున స్క్రూడ్రైవరు వెతికే సమయం దొరకదు.

అరుదైన కారణాలు

స్క్రూలు తుప్పు పట్టడం పలకను నెలల తరబడి ఉంచితేనే సమస్య అవుతుంది, అలాంటప్పుడు జింకు పూత ఉన్నవి వాడితే సరిపోతుంది. పలక ఉబ్బి పొరలు విడిపోయిందంటే అది నీటిని తట్టుకునే రకం కాదు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అయితే ఒక్క వానకే ఉబ్బుతాయి, అవి ఈ పనికి అసలు వాడకూడదు. చెదలు ఉంటే చౌకట్టును మొనతో పొడిచినప్పుడే బయటపడి ఉంటాయి.