మిల్లు బస్తీలో జనం, రాబడి మారిన తీరును లెక్కగట్టే విధానం

నిజాం పాలనలో 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్లి, 2002లో మూతపడింది. అటువంటి మిల్లును నమ్ముకొని ఏర్పడిన బస్తీలో ఎవరు మిగిలారు, ఎవరు వచ్చి చేరారు, రాబడి ఎలా మారింది అని తెలుసుకోదలచినవారు ముందుగా ఒక తేడాను గుర్తించాలి. బస్తీ సగటు రాబడి పెరిగినంత మాత్రాన అక్కడి కుటుంబాలు బాగుపడ్డట్టు కాదు. పూట గడవనివారు ఇల్లు అమ్ముకొని పోయి, ఆ జాగాలో లేచిన అపార్ట్‌మెంట్లలోకి ఉద్యోగస్థులు వచ్చినా సగటు పెరుగుతుంది. అందువల్ల స్థలం లెక్కను, కుటుంబాల లెక్కను మొదటినుంచీ వేర్వేరుగా రాయాలి.

హద్దులను డివిజన్ నంబర్లతో నిర్ణయించకూడదు. 2016 ఎన్నికలకు 58గా ఉన్న గ్రేటర్ వరంగల్ డివిజన్లు 2021 నాటికి 66 అయ్యాయి. వీధుల పేర్లతో, గుడి, రైలుపట్టా వంటి కదలని గుర్తులతో సొంత పటం గీసుకోవడమే మేలు.

2001, 2011 జనగణనల వార్డు పట్టికల్లో జనాభా, ఆరేళ్లలోపు పిల్లలు, అక్షరాస్యులు, ఎస్సీ, ఎస్టీ, పనివారి సంఖ్యలు దొరుకుతాయి; రాబడి మాత్రం ఉండదు. పనివారి పట్టికలో సాగు, వ్యవసాయ కూలీ, కుటీర పరిశ్రమ పోగా మిగిలినవారంతా ‘ఇతర పనివారు’ అన్న ఒకే గడిలో పడతారు కనుక, మిల్లు కార్మికుడు ఆటో నడుపుకున్నా ఆ గడి మారదు. అంతకంటే, ఏడాదిలో ఆరు నెలలైనా పని దొరకనివారి గడి ఎక్కువ చెబుతుంది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కాబట్టి, ఆ తరువాతి కాలానికి ఇంటింటికీ తిరగక తప్పదు.

కుటుంబాలను వెతకడానికి 2002 ప్రత్యేక సమగ్ర సవరణ (ఇంటింటికీ తిరిగి జాబితాను సరిచూసే పని) నాటి ఓటర్ల జాబితా మంచి ఆధారం. అది మిల్లు మూతపడిన ఏడాదిదే కావడం మన అదృష్టం. అందులో ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. దానిని ఇప్పటి జాబితాతో పోల్చి, మిగిలినవారిని, పోయినవారిని, కొత్తవారిని మూడు రంగులతో గుర్తించండి. అయితే కిరాయికి ఉండేవారిలో చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంటుందని, ఇంటి నంబర్లు మారి ఉండవచ్చని మరువరాదు. ఈ పేర్లను నివేదికలో అచ్చువేయకూడదు.

ఇక అడిగే తీరు. ‘నెలకు ఎంత సంపాదిస్తరు?’ అంటే పింఛను, రేషను కార్డు పోతాయేమోనన్న భయంతో తక్కువే చెబుతారు. ‘బాపూ, మిల్లు బందైనంక ఇల్లు ఎవరి సంపాదనతోని గడిచింది?’ అని మొదలుపెడితే బీడీలు చుట్టిన భార్య, ఎనుమాముల మార్కెట్లో హమాలీ చేసిన కొడుకు, పదో తరగతితో ఆగిన చదువు వరుసగా బయటికి వస్తాయి. కిరాయి, చిట్టీ, బడి ఫీజు విడిగా అడిగి కూడుకుంటే రాబడి దాదాపు తేలుతుంది.

పాత జీతాన్ని నేటి రూపాయల్లోకి మార్చనిదే పోలిక నిలవదు. కార్మిక కుటుంబాలు కొనే సరుకుల ధరలు ఎంత పెరిగాయో చూపే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీలో, 2001ని 100గా తీసుకున్న శ్రేణిని 2016ను 100గా తీసుకున్న శ్రేణితో కలిపే గుణకం 2.88. ఒక కార్మికుడికి 2001లో నెలకు 3,000 రూపాయలు వచ్చాయనుకుంటే, అది 2016లో 8,640 రూపాయలకు సమానం. 2016ను 100గా తీసుకున్న అఖిల భారత సూచీ 2024లో సుమారు 140 కనుక, దాదాపు 12,000 అవుతుంది. నేడు వాచ్‌మన్‌గా అంతే తెచ్చుకుంటున్నా, మిల్లు జీతం వెంట వచ్చిన పీఎఫ్, ఈఎస్ఐ లేకపోతే ఆ రెండూ సమానం కావు. వాటికి ప్రత్యేకంగా ఒక గడి పెట్టండి.

సూరత్, భివండి, షోలాపూర్‌లకు వలసపోయినవారి నంబర్లు ఇరుగుపొరుగు దగ్గర దొరుకుతాయి; వారిని ఫోనులోనైనా అడగాలి. ఎంత వెతికినా ఆచూకీ దొరకని కుటుంబాల సంఖ్యను సగటు రాబడి పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో వేయాలి.