సంతలో కూరగాయల ఫొటోలు బాగా రావాలంటే

ఒడిశాలోని కోరాపుట్ వైపు ఉండేవాళ్లు కూరగాయల ఫొటోలు తీయాలనుకుంటే ముందు కుందులి సంతకి వెళ్లండి, చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి వచ్చిన అల్లం, టమాటా, ముల్లంగి అక్కడ నేలమీదే కుప్పలుగా పోసి ఉంటాయి. పొద్దున్నే వెళ్లాలి. ఎండ నడినెత్తికి వచ్చాక తీస్తే టమాటా మీద తెల్లటి మెరుపు, పక్కన నల్లటి నీడ తప్ప ఇంకేం కనిపించదు.

నీలం టార్పాలిన్ కింద అసలు తీయకండి. ఆ నీలం కాయలన్నిటి మీదా పడి పచ్చిమిర్చి కూడా పాలిపోయినట్టు వస్తుంది, అదే టార్పాలిన్ బయట మామూలు నీడలో నాలుగు కాయలు పెట్టి తీస్తే అసలు రంగు తెలుస్తుంది. వంకాయకైతే ఫోన్ స్క్రీన్ మీద దాన్నే నొక్కి వెలుతురు కాస్త తగ్గించండి, ఆ ఊదా నిగనిగ పోకూడదు కదా. అల్లానికి అంటిన మట్టి దులపొద్దు, అందమంతా అందులోనే ఉంది. ఫ్లాష్ వద్దు.

అమ్మే అక్కని అడగకుండా ఆమె ముఖం మాత్రం తీయొద్దు. ముందు ఏదైనా కొనండి, ఆమెకి తెలుగు రాకపోతే మీకు వచ్చిన ఒడియాలోనో, అక్కడివాళ్లు మాట్లాడే దేశియాలోనో అడగండి, తీశాక ఫొటో ఆమెకి చూపించండి.

సీతాఫలం సీజన్ అయితే కళ్లు బాగా విచ్చుకున్న కాయలు తెచ్చుకుని, మెత్తబడ్డాక కిటికీ పక్కన పెట్టి చేత్తో రెండుగా విప్పండి, వెలుతురు ఒక పక్క నుంచి పడితే తెల్లటి గుజ్జు తొనతొనగా కనిపిస్తుంది. రెండు ఫొటోలు చాలు, వెంటనే తినేయండి, ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది.